బత్తాయి తోటలో గడియారం చిప్: డీఎస్3231 ప్రాజెక్టు డైరీ

శనివారం

నల్గొండ జిల్లాలో చిన్నాయన వాళ్ల బత్తాయి తోటలో పెట్టడానికి ఒక లాగర్ (కొలతలను టైముతో సహా రాసుకునే పెట్టె) తయారు చేస్తున్నాను. అడుగు లోతున ఒకటి, రెండడుగుల లోతున ఒకటి నేల తేమ సెన్సర్లు. గాలి వేడి చూడటానికి ఇంకొకటి. గంటకోసారి ఒకే కొమ్మను ఫొటో తీసే చిన్న కెమెరా. డ్రిప్ వదిలాక నీళ్లు రెండడుగులు దిగడానికి ఎంతసేపు పడుతోంది, ఏ పూట వదిలితే తేమ ఎక్కువసేపు నిలుస్తోంది అన్నది తేల్చడమే దీని పని. బోరులో నీళ్లు తక్కువ కాబట్టి ఇది చిన్నాయనకు నిజంగా అవసరమైన లెక్క.

అందుకే ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన కొలత టైమే. తేమ అంకె కాస్త అటూ ఇటూ అయినా నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చి చూసుకోవచ్చు. ఏ అంకె ఏ గంటదో తెలియకపోతే మాత్రం ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

కెమెరా ఉంది కాబట్టి రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు తీసుకున్నాను, ఇక మీదట 'పై' అంటే ఇదే. ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5 మోడల్లో బోర్డు మీదే ఇచ్చారు, అంతకుముందు వచ్చిన మామూలు పై బోర్డుల్లో లేదు. నెట్ ఉంటే ఎన్‌టీపీ (నెట్ మీది టైమ్ సర్వర్లను అడిగే పద్ధతి) ద్వారా టైమ్ తెచ్చుకుంటుంది. తోటలో సిగ్నల్ అందదు. నెట్ లేనప్పుడు ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్యాకేజీ ఆపేటప్పటి టైమును ఒక ఫైల్లో దాచి, మళ్లీ లేచినప్పుడు అక్కడి నుంచే లెక్క మొదలుపెడుతుంది. నా లాగర్ గంటలో 5 నిమిషాలే మేలుకుంటుంది. అంటే దీన్ని నమ్ముకుంటే 24 గంటల రోజు నా పట్టికలో 2 గంటలుగా మిగులుతుంది.

అందుకే బిళ్ల బ్యాటరీతో విడిగా నడిచే గడియారం చిప్ ఒకటి కలపాలి. నేను తీసుకున్నది డీఎస్3231. చౌకగా దొరికే డీఎస్1307ను ఎందుకు వద్దనుకున్నానో రాసి పెడతాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. మొదటి కారణం, దానికి 5 వోల్టుల సప్లై కావాలి, పై పిన్నులేమో 3.3 వోల్టులవి. రెండో కారణం ఎండ. మామూలు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచి, అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. తగ్గుదల ఆ డిగ్రీల తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది, డిగ్రీ వర్గానికి సుమారు 0.035 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు). మే నెలలో మూసిన పెట్టె లోపల 55 డిగ్రీలు ఉన్నాయనుకుంటే తేడా 30, దాని వర్గం 900, వెరసి 31 పీపీఎం పైచిలుకు. ఆ వేడి అలాగే ఉంటే రోజుకు రెండున్నర సెకన్లు దాటి వెనకబడుతుంది. డీఎస్3231లో క్రిస్టల్ చిప్ లోపలే ఉంది. చిప్ తన వేడిని తానే 64 సెకన్లకోసారి కొలుచుకుని దాన్ని సరిచేసుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల వరకు 2 పీపీఎం, అది దాటి 85 వరకు 3.5 పీపీఎం లోపే తేడా అని డేటాషీట్ హామీ. 2 పీపీఎం అంటే ఏడాదికి ఒక నిమిషం.

మాడ్యూల్ (చిప్, బ్యాటరీ గూడు ఉన్న చిన్న బోర్డు) కొనేటప్పుడు చిప్ మీద అక్షరాలు చూడండి. ఎస్‌ఎన్ అని ఉంటే పైన చెప్పిన రకం. ఎమ్ అని ఉంటే లోపల క్రిస్టల్ బదులు మెమ్స్ ఆసిలేటర్ (సిలికాన్ మీద చేసిన అతి చిన్న కంపన భాగం) ఉంటుంది, దాని హామీ 5 పీపీఎం. రెండూ వాడొచ్చు, ఏది వచ్చిందో తెలిసి వాడాలి. నాకు ఎస్‌ఎన్ వచ్చింది.

ఆదివారం

మాడ్యూల్ నీలం రంగు జెడ్‌ఎస్-042. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు మల్టీమీటర్‌తో ట్రేసులన్నీ వెతికాను. ఇందులో రెండు సంగతులు తేలాయి.

ఒకటి చాలామందికి తెలిసిందే. వీసీసీ (మాడ్యూల్‌కు కరెంటు ఇచ్చే పిన్ను) నుంచి ఒక 200 ఓమ్ రెసిస్టర్, ఒక డయోడ్ మీదుగా బ్యాటరీకి చార్జింగ్ దారి ఉంది. అది రీచార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 బిళ్ల కోసం పెట్టింది. మనం వేసేది సీఆర్2032, దాన్ని చార్జ్ చేయకూడదు. 5 వోల్టులిస్తే అది ప్రమాదమే, బిళ్ల ఉబ్బుతుంది. 3.3 వోల్టులిస్తే డయోడ్ దాటాక 2.7 దగ్గర మిగులుతుంది కాబట్టి 3 వోల్టుల బిళ్లలోకి ఏమీ పోదు. అయినా ఏళ్ల తరబడి ఎండలో ఉండే పెట్టె కదా, ఆ రెసిస్టర్ పీకేశాను.

రెండోది ఈ ప్రాజెక్టుకు ప్రాణం. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్, ఎస్‌క్యూడబ్ల్యూ, 32కే నాలుగు పిన్నుల నుంచీ మాడ్యూల్ వీసీసీకి 4.7 కిలోఓమ్ పుల్-అప్‌లు ఉన్నాయి, నాలుగూ ఒకే చిన్న రెసిస్టర్ ప్యాక్‌లో. పుల్-అప్ అంటే ఎవరూ కిందికి లాగనప్పుడు తీగను సప్లై వోల్టేజీ దగ్గర ఉంచే రెసిస్టర్. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ చిప్‌తో మాట్లాడే ఐ2సీ తీగలు, ఎస్‌క్యూడబ్ల్యూ అలారం పిన్ను. మామూలుగా ఇవి మంచివే. నా డిజైన్‌లో ఎందుకు పనికిరావో కింద రాస్తాను. ఆ ప్యాక్‌ను కూడా తీసేశాను. ఐ2సీ తీగలకు లోటేం రాదు, పై బోర్డు మీదే ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌లకు 1.8 కిలోఓమ్ పుల్-అప్‌లు ఉన్నాయి.

సోమవారం రాత్రి

తీగలు కలిపాను. 1వ పిన్ను 3.3 వోల్టులు, 3 ఎస్‌డీఏ, 5 ఎస్‌సీఎల్, 9 గ్రౌండ్. కాన్ఫిగ్ ఫైల్లో ఐ2సీ ఆన్ చేసి, ఐ2సీ-డిటెక్ట్‌తో ఒకటో బస్సు చూస్తే రెండు చిరునామాలు కనిపించాయి: హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు) 68, హెక్స్ 57. మొదటిది గడియారం. రెండోది అదే మాడ్యూల్ మీద ఉన్న ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ, దానితో నాకు పని లేదు.

డ్రైవర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) ఎక్కించక ముందే చిప్ రిజిస్టర్లు (లోపలి అంకెల గళ్లు) చదివి రాసుకున్నాను. ఈ అలవాటు అందరికీ గట్టిగా చెబుతాను. తర్వాత డ్రైవర్ ఏం మార్చిందో తెలియాలంటే ముందు ఏముందో తెలియాలి. కంట్రోల్ రిజిస్టర్ హెక్స్ 0ఈలో 1సీ ఉంది. స్టేటస్ రిజిస్టర్ 0ఎఫ్‌లో 88. రెండూ డేటాషీట్ చెప్పిన పుట్టు విలువలే. 88లో అన్నిటికంటే ఎడమ బిట్టు ఓఎస్‌ఎఫ్, అంటే ఆసిలేటర్ ఒకప్పుడు ఆగింది, ఈ టైమును నమ్మొద్దని చిప్ ఇచ్చే మాట. కొత్త చిప్‌కు అది సహజం. తేదీ 2000 జనవరి 1 అని చూపించింది.

ఇప్పుడు డ్రైవర్. లైనక్స్‌లో డీఎస్3231ను నడిపేది ఆర్‌టీసీ-డీఎస్1307 అనే డ్రైవర్. ఒకే ఫైలు డీఎస్1307, 1337, 1339, 1340, 3231, ఇంకా వేరే కంపెనీల చిప్‌లు కూడా చూసుకుంటుంది. కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) లాగ్‌లో డీఎస్1307 అని కనిపిస్తే తప్పు చిప్ పట్టుకుందేమో అని కంగారు పడక్కర్లేదు, అది డ్రైవర్ పేరు మాత్రమే. అసలు చిప్ ఏదో డివైస్ ట్రీలో (బోర్డుకు ఏమేం కలిపామో కెర్నల్‌కు చెప్పే జాబితా) మనం చెప్పాలి.

అక్కడ 3231 అని చెప్పకుండా 1307 అని చెప్పినా టైమ్ బాగానే చదువుతుంది. చిరునామా ఒకటే, 0 నుంచి 6 వరకు టైమ్ రిజిస్టర్ల అమరికా ఒకటే. కాబట్టి పొరపాటు బయటపడదు. తేడా 7వ రిజిస్టర్ నుంచి మొదలవుతుంది. 1307లో అది కంట్రోల్ రిజిస్టర్, 3231లో మొదటి అలారం సెకన్లు. 1307 అని చెబితే అలారం ఉండదు, చిప్ వేడి చదవడం ఉండదు. టైమ్ సరిగ్గా వస్తోంది కదా అని అక్కడే ఆగితే ఈ చిప్‌కు పెట్టిన డబ్బులో సగం వాడనట్టే.

కాన్ఫిగ్ ఫైల్లో ఓవర్‌లే (డివైస్ ట్రీకి చేర్పు) లైన్లో ఐ2సీ-ఆర్‌టీసీ, దాని పక్కన డీఎస్3231 రాసి రీబూట్ చేశాను. ఐ2సీ-డిటెక్ట్‌లో 68 ఉన్న చోట యూయూ వచ్చింది. ఆ చిరునామాను కెర్నల్ తన చేతిలోకి తీసుకుందని దాని అర్థం. లాగ్‌లో ఆర్‌టీసీ0గా నమోదైందన్న లైనుకు ముందు ఇంకో లైను: సెట్ టైమ్!

ఈ హెచ్చరిక గురించి ఆగి చెప్పాలి. డ్రైవర్ లేవగానే ఓఎస్‌ఎఫ్ బిట్టు చూస్తుంది. వెలిగి ఉంటే ఈ మాట లాగ్‌లో రాసి, ఆ బిట్టును తనే ఆర్పేస్తుంది. మనం టైమ్ పెట్టామా లేదా అని చూడదు. కాబట్టి ఈ హెచ్చరిక ఒక్క బూట్‌లోనే కనిపిస్తుంది. రెండోసారి లేచేసరికి స్టేటస్ 08, హెచ్చరిక లేదు, టైమ్ మాత్రం ఇంకా తప్పే. తోటలో బిళ్ల వదులై ఒక రాత్రి గడియారం ఆగిందనుకోండి, తెల్లారి ఒక బూట్‌లో చెప్పి తర్వాత మౌనంగా తప్పు టైమ్ ఇస్తూ పోతుంది. అందుకని నా లాగర్ ప్రతి బూట్‌లోనూ కెర్నల్ లాగ్‌లో ఆ మాట వెతుకుతుంది. దొరికితే డేటా ఫైల్లోనే "ఇక్కడి నుంచి టైమ్ నమ్మరాదు" అని ఒక వరుస రాస్తుంది, మళ్లీ ఎవరైనా టైమ్ పెట్టేదాకా ఆ గుర్తు తీసేయదు.

హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే కమాండ్‌తో చిప్‌లో టైమ్ రాశాను. చిప్‌లో ఉంచింది ప్రపంచ ప్రామాణిక టైమ్ యూటీసీయే, మన టైమ్ కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక కనిపిస్తుంది. అది చూసి కొందరు చిప్‌లోనే మన టైమ్ పెట్టాలనుకుంటారు, వద్దు. 5:30 కలపడం సిస్టమ్ పని. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ తీసేశాను. ఆర్‌టీసీ0 కింద హెచ్‌సీటోసిస్ అనే ఫైల్లో 1 ఉంది, అంటే లేచేటప్పుడు సిస్టమ్ టైమును ఈ చిప్ నుంచే తీసుకుంది.

ఇక్కడికి మామూలు పని అయిపోయింది.

బుధవారం

అసలు పని కరెంటుది. సోలార్ ప్యానెల్, బ్యాటరీ, 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ ఉన్నాయి. పైని హాల్ట్ చేసినా బోర్డు కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది. ముసురు పట్టిన వారంలో అది కుదరదు. కాబట్టి పని లేనప్పుడు బోర్డుకు సప్లయే తెగిపోవాలి, గడియారం అలారం మోగినప్పుడు మళ్లీ కలవాలి.

హాల్ట్ అయిన పైని జీపీఐఓ 3 అనే పిన్నును గ్రౌండ్‌కు లాగి లేపొచ్చు. కానీ ఆ పిన్నే ఎస్‌సీఎల్, గడియారంతో మాట్లాడే తీగ. పైగా అది హాల్ట్‌లో తినే కరెంటును ఆపదు. ఆ దారి వదిలేశాను.

నా సర్క్యూట్ ఇది. బక్ కన్వర్టర్‌కూ పైకీ మధ్య ఏఓ3401 అనే పి-చానెల్ మాస్‌ఫెట్, అంటే గేట్ అనే కాలును కిందికి లాగితే ఆన్ అయ్యే కరెంటు స్విచ్. సోర్స్ 5 వోల్టులకు, డ్రెయిన్ పైకి. గేట్ నుంచి 5 వోల్టులకు 100 కిలోఓమ్, కాబట్టి ఎవరూ ముట్టకపోతే స్విచ్ ఆఫ్. గేట్‌ను కిందికి లాగడానికి ముగ్గురు ఉన్నారు: గడియారం ఎస్‌క్యూడబ్ల్యూ పిన్ను, పై జీపీఐఓ 17 నడిపే ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, చేత్తో నొక్కే ఒక బటన్. వీళ్లలో ఏ ఒక్కరు లాగినా పైకి కరెంటు వస్తుంది.

గడియారం పిన్నును నేరుగా 5 వోల్టుల పుల్-అప్‌కు కలపొచ్చా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. కలపొచ్చు. అది ఓపెన్-డ్రెయిన్ పిన్ను (కిందికి మాత్రమే లాగుతుంది), చిప్ వీసీసీ ఎంత ఉన్నా బయటి పుల్-అప్ 5.5 వోల్టుల వరకు ఉండొచ్చని డేటాషీట్‌లో ఉంది. 12 వోల్టుల వైపు స్విచ్ పెట్టకపోవడానికి కారణం కూడా ఆ 5.5 హద్దే.

ఇప్పుడు ఆదివారం తీసేసిన రెసిస్టర్ ప్యాక్ సంగతి. పైకి కరెంటు పోగానే మాడ్యూల్ వీసీసీ కూడా సున్నాకు పడుతుంది, ఎందుకంటే 3.3 వోల్టులు వచ్చేది పై నుంచే. అప్పుడు ఎస్‌క్యూడబ్ల్యూ పిన్నుకున్న 4.7 కిలోఓమ్ పుల్-అప్ సున్నా వోల్టులకు కట్టిన పుల్-డౌన్‌గా మారుతుంది. ఒకవైపు 100 కిలోఓమ్ 5 వోల్టులకు, ఇంకోవైపు 4.7 కిలోఓమ్ సున్నాకు, గేట్ మీద పావు వోల్టు కూడా మిగలదు. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది, పై ఎప్పటికీ ఆగదు. ప్రోగ్రామ్‌లో ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు. ఇలాంటి సర్క్యూట్ కడుతూ "అలారం మోగకముందే ఆన్ అవుతోంది" అనేవాళ్లు ముందు ఈ ప్యాక్ చూడాలి.

గురువారం

డ్రైవర్‌కు ఈ తీగల సంగతి చెప్పాలి. ఈ డైరీ రాయడానికి ముఖ్య కారణం ఈ రోజు పనే.

డీఎస్3231లో అలారానికీ స్క్వేర్ వేవ్‌కూ ఉన్న పిన్ను ఒక్కటే. కంట్రోల్ రిజిస్టర్‌లో ఐఎన్‌టీసీఎన్ బిట్టు 1 అయితే అలారం, 0 అయితే స్క్వేర్ వేవ్. డ్రైవర్‌కు బోర్డు కనిపించదు, ఆ పిన్ను ఎక్కడికి పోయిందో దానికి తెలిసేది డివైస్ ట్రీలో మనం రాసిన మాట ద్వారానే. మూడు రకాలుగా చెప్పొచ్చు.

ఏమీ చెప్పకపోతే, పిన్ను ఎక్కడికీ కలపలేదని అనుకుంటుంది. అలారం సౌకర్యమే ఇవ్వదు. సోమవారం నేను పెట్టింది ఇదే, అందుకే కంట్రోల్ రిజిస్టర్ 1సీ దగ్గరే ఉంది, వేక్-అలారం ఫైలు (అలారం టైమ్ రాసేది) కూడా కనిపించలేదు.

ఇంటరప్ట్స్ (ప్రాసెసర్‌ను పని మధ్యలో పిలిచే సంకేతం) అని రాసి ఒక జీపీఐఓ చూపిస్తే, పిన్ను ప్రాసెసర్‌కు వచ్చిందని అర్థం చేసుకుంటుంది. అలారం మోగగానే డ్రైవర్ లేచి ఫ్లాగ్ (అలారం మోగిందని చెప్పే బిట్టు) ఆర్పేస్తుంది. పిన్ను మళ్లీ హై అవుతుంది. ఇక్కడ ట్రిగ్గర్‌ను లెవెల్-లో అని రాయాలి, ఎందుకంటే ఫ్లాగ్ ఆర్పేదాకా ఈ చిప్ పిన్నును కిందే పట్టుకుంటుంది.

వేక్అప్-సోర్స్ అని రాస్తే, పిన్ను ప్రాసెసర్‌కు రాలేదు, సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే భాగానికి పోయింది అని. నా మాస్‌ఫెట్ సరిగ్గా అదే. అలారం సౌకర్యం ఇస్తుంది, ఇంటరప్ట్ మాత్రం అడగదు. రెండూ కలిపి రాసేవాళ్లు ఉంటారు, ఏదో ఒకటి పనిచేస్తుందిలే అని. అలా చేస్తే బోర్డు మీద లేని తీగ గురించి డ్రైవర్‌కు చెప్పినట్టవుతుంది. కాబట్టి తీగ ఎటు పోయిందో అదొక్కటే రాయాలి.

పై వాళ్ల ఐ2సీ-ఆర్‌టీసీ ఓవర్‌లేలో వేక్అప్-సోర్స్ పారామీటర్ ముందే ఉంది, సొంత ఓవర్‌లే రాయక్కర్లేదు. లైను చివర అది చేర్చి రీబూట్ చేసి కంట్రోల్ రిజిస్టర్ చదివాను. డ్రైవర్ పట్టుకున్న చిరునామా కాబట్టి ఐ2సీ-గెట్‌కు బలవంతపు ఆప్షన్ ఇవ్వాలి. చదవడం వరకే, ఆ దారిన రాయొద్దు. 5సీ వచ్చింది!

1సీకీ 5సీకీ తేడా ఒక్క బిట్టు, బీబీఎస్‌క్యూడబ్ల్యూ. అది 0గా ఉంటే వీసీసీ పోయినప్పుడు ఈ పిన్ను ఎవరినీ లాగకుండా వదిలేస్తుంది. 1గా ఉంటే బిళ్ల బ్యాటరీ మీద కూడా పనిచేస్తుంది. నా లాగర్‌లో అలారం మోగేది ఎప్పుడూ వీసీసీ లేనప్పుడే. అంటే మొత్తం ప్రాజెక్టు ఈ ఒక్క బిట్టు మీద ఆధారపడి ఉంది. దాన్ని డ్రైవర్ తనంతట తానే వేసింది, మనం నిజం చెప్పినందుకు. ఐ2సీ-సెట్‌తో చేత్తో రాసే పని లేదు, రాసినా తర్వాతి బూట్‌లో డ్రైవర్ తనకు తెలిసినదాన్ని బట్టే నడుస్తుంది.

పదిహేను నిమిషాల తర్వాతకు అలారం పెట్టి మళ్లీ చదివితే 5డీ. చివరి బిట్టు ఏ1ఐఈ, అంటే మొదటి అలారానికి పిన్ను అప్పగించారని. టైమ్ అయ్యాక స్టేటస్ 08 నుంచి 09కు మారింది, మల్టీమీటర్‌లో ఎస్‌క్యూడబ్ల్యూ 5 వోల్టుల నుంచి సున్నాకు పడింది. ఈ నాలుగు అంకెలు వరసగా కనిపిస్తే చిప్, డ్రైవర్, తీగలు మూడూ ఒకే మాట మీద ఉన్నట్టు.

శుక్రవారం

ఒక చిక్కు ఉంది, దాన్ని కాగితం మీదే తేల్చుకోవాలి. అలారం మోగింది, పిన్ను కిందికి వచ్చింది, పైకి కరెంటు వచ్చింది, కెర్నల్ లేచింది. డ్రైవర్ లేవగానే చేసే మొదటి పనుల్లో ఒకటి, పాత అలారాలు రెండిటినీ ఆపేయడం. ఏ1ఐఈ సున్నా అవుతుంది, పిన్ను హై అవుతుంది, మాస్‌ఫెట్ ఆఫ్. బూట్ సగంలో కరెంటు పోతుంది. మెమరీ కార్డు పాడవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ట్రాన్సిస్టర్ పెట్టింది ఇందుకే. కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ 17ను అవుట్‌పుట్‌గా, హైగా పెట్టమని ఒక లైను రాస్తే కెర్నల్ కంటే ముందే ఫర్మ్‌వేర్ (బోర్డు లేవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఆ పని చేస్తుంది. వరస ఇలా ఉంటుంది: గడియారం పిన్ను కరెంటు తెస్తుంది, రెండు మూడు సెకన్లలో ఫర్మ్‌వేర్ 17ను హై చేస్తుంది, ట్రాన్సిస్టర్ గేట్‌ను పట్టుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడో డ్రైవర్ వచ్చి గడియారం పిన్నును వదిలేస్తుంది. అప్పటికి పట్టుకునే చేయి ఇంకొకటి ఉంది. ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలోఓమ్, బేస్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్.

ఆపడానికి జీపీఐఓ-పవర్ఆఫ్ ఓవర్‌లే. పిన్ను 17, యాక్టివ్-లో. ఫైళ్లన్నీ మూసి, కార్డు అన్‌మౌంట్ అయ్యాక కెర్నల్ చివరి క్షణంలో 17ను లో చేస్తుంది. గేట్ హై అవుతుంది, సప్లై తెగుతుంది.

బెంచ్ సప్లై మీద పెట్టి బటన్ నొక్కి లేపాను, అలారం పెట్టి షట్‌డౌన్ చెప్పాను. ఆంపియర్ మీటర్ సున్నాకు వచ్చింది. చెప్పిన నిమిషానికి బోర్డు దానంతట అదే లేచింది. చాలా సంతోషమేసింది.

ఆదివారం

వారం మధ్యలో ఆలోచించి పెట్టుకున్న రెండు ప్రమాదాలను ఇవాళ కావాలని సృష్టించి చూశాను.

మొదటిది, పై మేలుకుని ఉండగానే అలారం టైమ్ దాటిపోతే? ఫొటో తీయడం ఆలస్యమైతే అలా జరగొచ్చు. అప్పుడు గడియారం పిన్ను కిందే ఉంటుంది, ఫ్లాగ్ ఆర్పడానికి ఇంటరప్ట్ లేదు. పవర్ఆఫ్ 17ను లో చేసినా గేట్‌ను గడియారం పట్టుకునే ఉంటుంది. బోర్డు ఆగిపోతుంది కానీ కరెంటు పోదు, మళ్లీ లేవదు. బ్యాటరీ అయిపోయేదాకా అలాగే ఉంటుంది. దీనికి మందు, అలారాన్ని పని మొదట్లో కాకుండా చిట్టచివర, షట్‌డౌన్ అప్పుడు పెట్టడం. డ్రైవర్ కొత్త అలారం రాసేటప్పుడు పాత ఫ్లాగ్‌ను ఆర్పుతుంది. కాబట్టి సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) ఒక సర్వీసు రాసి, అది ఆగేటప్పుడు వేక్-అలారం ఫైల్లో ముందు 0, తర్వాత కొత్త టైమ్ రాసేలా చేశాను. కొత్త టైమ్ కనీసం 3 నిమిషాల ముందుకు ఉండాలన్న షరతు కూడా పెట్టాను. ముందు 0 రాయడం తప్పనిసరి, పాత అలారం పెండింగ్‌లో ఉంటే కెర్నల్ కొత్తదాన్ని ఒప్పుకోదు.

రెండోది రీబూట్. యాక్టివ్-లో పెట్టినప్పుడు రీబూట్‌లో కూడా ఆ పిన్ను లో అవుతుంది. అంటే రీబూట్ అని చెబితే కరెంటే పోతుంది. అలారం పెట్టి లేకపోతే ఎవరో వచ్చి బటన్ నొక్కాల్సిందే. పెద్ద కెపాసిటర్ పెట్టి ఆ కొన్ని సెకన్లు గేట్‌ను పట్టుకోవచ్చు, కానీ ఎండలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద నాకు నమ్మకం లేదు. పైన రాసిన సర్వీసు రీబూట్‌లో కూడా నడుస్తుంది. కాబట్టి రీబూట్ అంటే ఆగి, కనీసం మూడు నిమిషాల తర్వాత అలారం టైముకు లేవడం. తోటలో పెట్టే పెట్టెకు అది చాలు.

ఇంకో చిన్న హద్దు. ఈ అలారంలో డ్రైవర్ తేదీ, గంట, నిమిషం, సెకను రాస్తుంది, నెల రాయడానికి చిప్‌లో చోటు లేదు. నెల లోపు అలారాలే పెట్టగలం. నాకు గంట చాలు.

తర్వాతి శనివారం

పెట్టెను మేడ మీద ఎండలో ఉంచాను. కెర్నల్ ఇచ్చే హెచ్‌డబ్ల్యూమాన్ ఫైళ్ల కింద చిప్ వేడి దొరుకుతుంది, పావు డిగ్రీ మెట్లలో. మధ్యాహ్నం 51.25 చూపించింది. నీడలో ఉన్న థర్మామీటర్ కంటే చాలా ఎక్కువ. పట్టికలో ఈ వరుస కూడా చేర్చాను, పెట్టె ఎప్పుడెప్పుడు ఎంత కాలిందో తెలిస్తే సెన్సర్ల తేడాలు కూడా అర్థమవుతాయి. పెట్టెకు తెల్ల రంగు వేయించి, పైన గాలి ఆడేలా ఇంకో రేకు కప్పితే కొంత తగ్గుతుంది.

నెట్ టైమ్‌తో పోల్చితే సెకను తేడా కూడా కనిపించలేదు. ఇంకా సరిచేయాలనుకునేవాళ్లకు హెక్స్ 10లో ఏజింగ్ రిజిస్టర్ ఉంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో మెట్టు సుమారు 0.1 పీపీఎం, ప్లస్ అంకె వేస్తే నెమ్మదిస్తుంది, మైనస్ వేస్తే వేగం పెరుగుతుంది. నేను ముట్టలేదు. నీళ్లు రెండడుగులు దిగే లెక్కకు నిమిషం చాలు, ఈ చిప్ అంతకంటే చాలా నయంగా నడుస్తోంది.

చిన్నాయన వచ్చి చూసి, "బిళ్ల అయిపోతే ఏం జేస్తవ్ రా?" అని అడిగారు. మంచి ప్రశ్న. బిళ్ల అయిపోతే గడియారం ఆగుతుంది, అలారం మోగదు, లాగర్ లేవదు. చిప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు తినేది మైక్రోఆంపియర్లలోనే, గేట్‌ను లాగినప్పుడు పారే 50 మైక్రోఆంపియర్లు కూడా బక్ కన్వర్టర్ నుంచి వస్తాయి, బిళ్ల నుంచి కాదు. అందుకే ఏళ్ల తరబడి ఆగుతుంది. అయినా ఏటా వేసవికి ముందు బిళ్ల మార్చాలని నిర్ణయించాం. మార్చేటప్పుడు బటన్ నొక్కి పైని లేపి, అది ఆన్‌లో ఉండగానే పాత బిళ్ల తీయాలి, లేకపోతే టైమ్ పోతుంది. ఈ సూచన పెట్టె మూత లోపల రాసి అంటించాను.

మిగిలిన పని: తేమ సెన్సర్ల తీగలకు ఎలుకలు కొరకకుండా పైపు తొడగాలి, ప్యానెల్ స్టాండుకు కాంక్రీటు పోయాలి. లాగర్ ప్రోగ్రామ్, కాన్ఫిగ్ ఫైలు రెండో మెమరీ కార్డులోకి కూడా ఎక్కించి చిన్నాయన దగ్గర ఉంచాలి. వచ్చే వారం తోటలో బిగిస్తాం.